కొత్వాలుగారి కారే కప్పు

అటుకులమ్ముకునే గురవమ్మ, మొగుడు కట్టించిపోయిన పెద్దింటిని కొత్వాలు గజసింగుకి అద్దెకిచ్చి, తను వెనక పాకలో ఉండేది. అద్దె అడిగితే చాలు, "కప్పు కారుతోంది, గోడ ఒరిగింది, తేళ్లు తిరుగుతున్నాయి. ఈ కొంపకి అద్దె కూడానా?" అని కసిరేవాడు. అలా ఆరు నెలలు గడిచాయి.

ఓ రోజు గురవమ్మ రాజుగారి కొలువుకెళ్లి భోరుమంది. "మహాప్రభో! నా ఇల్లు కూలేట్టుందని కొత్వాలుగారే అంటున్నారు. ఆయనకేమన్నా అయితే రాజ్యానికి దిక్కెవరు? ఇవాళే ఖాళీ చేయించండి!"

రాజు కంగారుగా భటుల్ని పిలిచాడు.

కొలువులోనే ఉన్న గజసింగు గబుక్కున ముందుకొచ్చాడు. అంత విశాలమైన ఇల్లు ఊళ్లో మరొకటి దొరకదు. "అబ్బే, ప్రభూ! ఇల్లు దిట్టంగా ఉంది. చుక్క కారదు, ఒక్క తేలూ లేదు!" అన్నాడు.

గురవమ్మ కళ్లు తుడుచుకుంది. "హమ్మయ్య! అయితే ఆ ఆరు నెలల అద్దె ఇప్పించండి, ప్రభూ."