కొంగ నడుము, నక్క పొడి

కాలువ పక్కన ధాన్యం మిల్లు, మిల్లు వెనక పశువుల కొట్టం. కొట్టంలో కోళ్లన్నీ పైన దూలం మీద పడుకునేవి. మచ్చల ఈకల పర్లపెట్ట ఒక్కతే కింద గంపలో పడుకునేది. రోజంతా మిల్లు వాకిట్లో నూకలు తిని తిని ఒళ్లు పెరిగి అది ఎగరడం మర్చిపోయింది. కాపలా కుక్క ఉన్నన్నాళ్లూ ఆ లోటు తెలియలేదు. మొన్న యజమాని కుక్కని కొత్త మిల్లుకి తీసుకుపోయాడు.

"ఇంకో నెలన్నర నా కాళ్ల దగ్గర పడుకో," అంది ముసలి ఎద్దు. "ఆ తర్వాత నన్ను చెరుకు తోలడానికి పంపేస్తారు. ఈలోపు దూలం ఎక్కావా, బతుకుతావు. లేదంటే గోడకి కంత ఉంది, కంత అవతల నక్క ఉంది."

"ఎక్కి తీరతాను తాతా," అంది పర్లపెట్ట.

మర్నాడే కంతలో నక్క మూతి కనిపించింది. పక్కన ఆకు పొట్లాలు.

"అమ్మాయ్, సన్నబడాలనుకుంటున్నావటగా! ఇదిగో, సముద్రాల అవతల కాసే నీలిపండు పొడి. పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు. పథ్యం లేదు, నూకల్లోనే కలుపుకో. కదలకుండా కూర్చోవాలి, అంతే. కదిలితే మందు చెమటలో కారిపోతుంది."

"కోళ్లకి చెమట పట్టదుగా మామా?"

"అందుకే మీ జాతికి ఇది మరీ బాగా పనిచేస్తుంది!"

"ఎవరికైనా పనిచేసిందా?"

నక్క కాలువ వైపు మూతి తిప్పింది. "అదిగో, మన కొంగబావ. పోయినేడు ఈపాటికి మీ ఎద్దంత ఉండేవాడు. ఏం బావా?"

ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ కళ్లు తెరవకుండానే "అవును," అంది. నక్క రోజూ తెచ్చి పడేసే చేప తలకాయలు ఆ మాట పలికించాయి.

"మరి నీకేం ఇవ్వాలి మామా?"

"ఛఛ, నీ దగ్గర తీసుకుంటానా! నువ్వు హాయిగా కూర్చుంటే చాలు, నా కడుపు నిండినట్టే."

ఎద్దు పొట్లం వాసన చూసింది. "సముద్రమూ లేదు, చట్టుబండలూ లేదు. ఇది మన కాలువగట్టు నేరేడు. నేరేడు తింటే నోరు నీలమవుతుంది గానీ నడుము సన్నబడదు."

"పదిహేను రోజులు వాడి చూస్తాను. చూడకుండా కాదనడమెందుకు?"

పర్లపెట్ట పొడి వేసుకుంది, కదలకుండా కూర్చుంది. కానీ రోజూ సాయంత్రం ఒక్కసారి కుడితి తొట్టి అంచు మీదికి ఎగిరి చూసుకునేది. మొదటిరోజు అంచు అందింది. పదిహేనో రోజు రొమ్ము తొట్టికి కొట్టుకుని కింద పడింది.

దులుపుకుని లేచి నేరుగా కొంగ దగ్గరికి నడిచింది.

"కొంగబావా, పోయినేడు ఎద్దంత ఉన్నావటగా. మీ వంశంలో ఈ లావు జబ్బు మీ నాన్న వైపుదా, అమ్మ వైపుదా?"

కొంగ రెండు కళ్లూ తెరిచింది. రెండో కాలు కూడా దించింది. "నోరు జాగ్రత్త! ఏడు తరాలుగా మా వంశంలో లావన్న మాటే లేదు. గుడ్డులోంచి బయటపడిన నాటి నుంచి నా నడుము ఇంతే!"

"అది చాలు బావా," అని పర్లపెట్ట వెనక్కి తిరిగింది.

ఆ రోజు నుంచి నూకలు ఒక్క పూటే. మిగతా పూటలు గట్టు వెంట తూము దాకా నడక, పురుగు దొరికితే పురుగు, లేకపోతే లేదు. సాయంత్రం రెక్కలు నొప్పి పుట్టేదాకా ఎగరడం. పైనున్న కోళ్లు నవ్వాయి.

"ఏమే, పెళ్లిచూపులా?"

"కాదు, చావు తప్పించుకోవడం," అని మళ్లీ ఎగిరింది.

నక్క తెచ్చిన పొట్లాలు మాత్రం వద్దనలేదు. మర్యాదగా తీసుకుని, గంపలో దాచి, నక్క తొంగి చూసినప్పుడల్లా ఈకలు ఉబ్బించి కూర్చునేది.

వారానికి తొట్టి అందింది. ఇరవై రోజులకి ఎద్దు వీపు అందింది. ఎద్దుని బండికి కట్టిన రోజుకి దూలం ఇంకా అందలేదు.

"జానెడు తక్కువుంది తాతా."

"ఆ జానెడు నక్కే ఎక్కిస్తుందిలే," అంటూ ఎద్దు కదిలింది.

పొద్దు వాలింది. నక్క కంతలోంచి తాపీగా లోపలికొచ్చింది. పర్లపెట్ట గంపలో బంతిలా కూర్చుని ఉంది.

"ఏమ్మా, సన్నబడ్డావా?"

"దగ్గరికొచ్చి నువ్వే చెప్పు మామా."

నక్క దూకింది. పర్లపెట్ట లేచింది. తోకలో రెండు ఈకలు నక్క పళ్ల మధ్య ఉండిపోయాయి. మిగతా పెట్ట దూలం మీద ఉంది. నవ్విన కోళ్లే జరిగి చోటిచ్చాయి.

కింద గంప బోర్లాపడి పొట్లాలన్నీ చిట్లాయి. చొంగ కారుతున్న నక్క నోరంతా నీలం.

"పొడంతా నీకే దాచి ఉంచాను మామా," అంది పర్లపెట్ట పైనుంచి. "ఈ పూట ఎలాగూ పస్తే కదా. పస్తు మీద వేసుకో, తప్పకుండా సన్నబడతావు."

సన్న నడుము చూపించి మందంటగట్టేవాణ్ని ముందుగా అడగాల్సింది, ఆ నడుము ఎప్పుడైనా లావుగా ఉండేదా అని.