పేరిందేవమ్మ ఇంటికొచ్చిన మిక్సీ

చినలంకలో పేరిందేవమ్మ ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఊరు అన్న మాట కాదిది, వాళ్ళకు వాళ్ళు అనుకున్నదే. "ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తాం. అంతకన్నా తెలివేముంటుంది?" అని పేరిందేవమ్మ అంటే భర్త అబ్బులుగారు, కొడుకు వీరభద్రం, కోడలు మంగతాయారు ముగ్గురూ ఒక్కసారే తలలూపేవాళ్ళు.

తప్పిపోయిన గేదె ఇల్లు చేరితే, తన ఇంట్లో రుబ్బిన పిండితో గారెలు వండి, దండగుచ్చి ఆంజనేయస్వామి మెడలో వేయిస్తానని ఆవిడ మొక్కుకుంది. స్వామి దయవల్ల గేదె వచ్చేసింది. మంగళవారం దండ వెయ్యాలి. మోకాళ్ళ నొప్పులతో రోటి ముందు కూర్చోలేదు గనక అందరూ పట్నం వెళ్ళి మిక్సీ కొన్నారు.

కొట్టాయన పెట్టె చేతికిస్తూ, "పసిబిడ్డలా చూసుకోండమ్మా. ఇక మీరు రోటి మొహం చూడక్కర్లేదు" అన్నాడు.

అంతే. బస్సులో పేరిందేవమ్మ మిక్సీని ఒళ్ళో పడుకోబెట్టుకుని కొంగు కప్పింది. డ్రైవరు హారను కొడితే "మెల్లిగా బాబూ, బెదురుతాడు" అంది. ఇంటికి రాగానే మంగతాయారు దిష్టి తీసి, బుగ్గన కాటుకచుక్క పెట్టింది. అబ్బులుగారు రోటి మీద గోనె కప్పి, అటు వెళ్ళేవాళ్ళు కళ్ళు మూసుకునే వెళ్ళాలన్నారు. మొదట వెళ్ళినవాడు వీరభద్రం. బకెట్టు కాలికి తగిలి బోర్లాపడ్డాడు. "అయినా చూళ్ళేదు నాన్నా!" అన్నాడు మోచెయ్యి తుడుచుకుంటూ.

సోమవారం పొద్దున్నే నానిన మినప్పప్పు వేసి స్విచ్చి నొక్కారు. మిక్సీ గుర్రుమంది. ఆగిపోయింది.

"పడుకున్నాడు" అంది పేరిందేవమ్మ, పెదవి మీద వేలేసుకుని.

ఇంకేముంది, ఇల్లంతా మునివేళ్ళ మీద నడిచింది. దగ్గొస్తే అబ్బులుగారు వీధి చివరిదాకా పరిగెత్తి దగ్గి వచ్చారు. మధ్యాహ్నమైనా మిక్సీ లేవలేదు. పేరిందేవమ్మకి గుబులు పట్టుకుంది. రేపు స్వామి ముందు ఎలా నిలబడాలి?

వీరభద్రం కొట్టుకు ఫోను చేశాడు. "పప్పు ఒకేసారి వేసేసుంటారు. కొంచెం కొంచెంగా వెయ్యండి" అన్నాడు కొట్టాయన.

"చూశారా! పసివాడు అంత పప్పు ఎలా తింటాడు?" అని పేరిందేవమ్మ ఉగ్గుగిన్నె తెచ్చింది. ఒక్కో బద్దా వేస్తూ "ఇది తాతకి, ఇది మామ్మకి" అని బుజ్జగించింది. మంగతాయారు కాకిని చూపించింది. మళ్ళీ స్విచ్చి నొక్కితే మళ్ళీ గుర్రుమని ఆగింది. ముట్టుకుంటే చురుక్కుమంది.

"అత్తయ్యా, ఒళ్ళు కాలిపోతోంది!"

ఇంకేముంది, శొంఠి కషాయం కాచి, తేనె కలిపి, మూత తీసి పోశారు. అది జారి లోపలికంతా దిగింది. స్విచ్చి నొక్కితే తుస్సుమని పొగ.

"కషాయం పట్టిందోయ్! ఆవిరి పోతోంది" అన్నారు అబ్బులుగారు.

"జ్వరం తగ్గుముఖం పట్టిందండీ, మీరేం కంగారుపడకండి" అని వీరభద్రం కొట్టుకు మళ్ళీ ఫోను చేశాడు. కొట్టాయన నిజంగానే కంగారుపడి మెకానిక్కు ఖాసింని పంపించాడు.

ఖాసిం అడుగుభాగం విప్పి ముక్కు మూసుకున్నాడు. "ఈ కషాయం మాట తర్వాత. లోపల బేరింగు మొదట్నుంచీ బిగుసుకుపోయే ఉందమ్మగారూ. ఇది పుట్టుకతో వచ్చిన లోపం. ఇచ్చేయండి, వేరేది తెస్తాను."

ఇల్లు ఘొల్లుమంది.

"లోపం ఉందని బిడ్డనిచ్చేస్తామా? నీకు పిల్లల్లేరా నాయనా?" అంది పేరిందేవమ్మ.

"ముగ్గురున్నారమ్మా."

"వాళ్ళని ఇచ్చేసి వేరేవాళ్ళని తెచ్చుకుంటావా?"

ఖాసిం కాస్త ఆలోచించాడు. "పెద్దవాడి విషయంలో ఒకటిరెండుసార్లు అనిపించిందమ్మా" అన్నాడు.

ఆ మాట వినగానే అబ్బులుగారు మిక్సీని గుండెలకు హత్తుకుని గదిలోకెళ్ళి గడియ పెట్టేసుకున్నారు.

ఇక లాభంలేదని ఖాసిం కొట్టాయనతో మాట్లాడాడు. "స్వామివారి మొక్కంటున్నారుగా, పాతది ఉంచుకోమను, కొత్తది ఇచ్చిరా" అన్నాడు ఆ పుణ్యాత్ముడు. దీపాలు పెట్టేవేళకి ఖాసిం కొత్త మిక్సీతో వచ్చాడు. గుప్పెడు పప్పు వేస్తే వెన్నలా నలిగింది.

"ఇది వాడి తమ్ముడనుకోండమ్మా. రేపు హాయిగా గారెలు వండుకోండి" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

పేరిందేవమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. మొక్కు తీరబోతోంది! దేవుడిగది వైపు తిరిగి దణ్ణం పెట్టబోయి, చేతులు సగంలో ఆపేసింది.

"ఏమైంది అత్తయ్యా?"

"తమ్ముడు పుట్టాడు కదే! ఇంట్లో పురుడు. శుద్ధి అయ్యేదాకా గుడి గడప తొక్కకూడదు."

"పెద్దవాడికి పురుడు పట్టలేదేం?" అని అబ్బులుగారు గడియ తీసుకుని బయటికొస్తూ అడిగారు.

"పట్టలేదు గనకే కదండీ వాడికి ఈ అవస్థ!"

ముగ్గురూ తలలూపారు.

మర్నాడు పూజారిగారు దండ కోసం ఎదురుచూస్తుంటే, వీరభద్రం గుడి బయట ఆమడదూరంలో నిలబడి కేకేశాడు. "మాకు పురుడండీ! దండ శుద్ధయ్యాకే!"

"శుభం నాయనా! మంగతాయారు కులాసానా?"

"మంగతాయారు కాదండీ, మిక్సీ పుట్టింది."

పూజారిగారు గంట పట్టుకునే గుడి గడపదాకా వచ్చారు. "మరి తల్లెవరు నాయనా?" అన్నారు.

"గోడకున్న స్విచ్చిబోర్డండీ. బొడ్డుతాడు అక్కడే కదా ఉంది! పచ్చి బాలింత కదండీ, చలిగాలి సోకకుండా అమ్మ దాని చిల్లులన్నిట్లో దూది కూరి, నెత్తికి గుడ్డ కట్టేసింది."