మేకు లేని గోడ

చిదంబరానికి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆశ్రమానికి నలభై కొత్త దోమతెరలు వచ్చాయి. అడిగే ఊళ్ళు రెండు, రాళ్ళగరువూ నిమ్మగొందీ. నలభై తెరలు ఒక్క ఊరికే చాలుతాయి. వానలు పడితే కొండల్లో చలిజ్వరాలు మొదలవుతాయి కాబట్టి ఈలోపే పంచాలి.

ఏ ఊరికివ్వాలో తేల్చే పని గురువుగారు కొండస్వామి అతనికే అప్పగించారు. సన్యాసం పుచ్చుకోకముందు స్వామి మలేరియా శాఖలో పాతికేళ్ళు దోమల వెంట తిరిగిన మనిషి. మూడేళ్ళ కిందట రెండు ఊళ్ళకీ మందు పట్టించిన తెరలు పంచింది ఆయనే. అవి ఇప్పుడెలా ఉన్నాయో చూసి రమ్మన్నారు.

చిదంబరం ఇంటింటికీ వెళ్ళి తూట్లు లెక్కపెట్టాడు. రాళ్ళగరువులో తెరలు వాకిట్లోకే తెచ్చి చూపించారు. బొటనవేలు దూరేది ఒక రకం, పిడికిలి దూరేది ఒక రకం, తల దూరేది ఇంకో రకం. అనుమానం వచ్చినచోట తన తలే పెట్టి చూశాడు. ఆ వేడుక చూడ్డానికి నిమ్మగొంది పిల్లలంతా అతని వెంట పడ్డారు.

ఊరికో తెర ఆశ్రమానికి తెచ్చి, వాటి మీద అయిదేసి దోమల్ని గిన్నె కింద మూడు నిమిషాలు వదిలి కూడా పరీక్షించాడు. మర్నాటికి రాళ్ళగరువు తెర అయిదింటినీ చంపింది. నిమ్మగొంది తెర రెండింటినే చంపింది.

"స్వామీ, రాళ్ళగరువులో ఒక్క తెరకైనా తూటు లేదు. నిమ్మగొందిలో ఒక్కటీ సరిగ్గా లేదు. అన్నీ పొగచూరి, చిరిగి, చీరముక్కల అతుకులతో ఉన్నాయి. అపాత్రదానం చెయ్యకూడదంటారు కదా. కొత్తవి రాళ్ళగరువుకే ఇద్దాం."

"అలాగే. పద, ఆ మాట మనమే వాళ్ళకి చెప్పొద్దాం," అన్నారు స్వామి.

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని చిదంబరం అనుకోలేదు. కొండ ఎక్కుతున్నంతసేపూ అతని కాళ్ళు నేలమీద నిలవలేదు.

రాళ్ళగరువులో మొదటి ఇల్లు కాసులమ్మది. మొన్ననే జ్వరం తగ్గిన కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంబలి తాగిస్తోంది. స్వామి మంచం వాల్చుకుని ఆవలించారు.

"ఎండన పడి వచ్చాం. కాస్త నడుం వాలుస్తాను. అమ్మనడిగి దోమతెర కట్టు నాయనా."

కాసులమ్మ ట్రంకుపెట్టె తెరిచి, వేపాకుల మధ్యనుంచి తెర తీసి ఇచ్చింది. చిదంబరం దాన్ని విప్పి, ఒక మూల తాడు పట్టుకుని ఆగిపోయాడు. గోడకి మేకు లేదు. ఎదుటి గోడకీ లేదు. దూలానికి తాడు కట్టిన జాడైనా లేదు. తెర పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. తలుపు వెనక కూడా చూశాడు.

"ఏటి ఎతుకుతున్నావు బాబూ?"

"మేకులమ్మా. రోజూ దేనికి కడతారు?"

కాసులమ్మ సిగ్గుపడి నవ్వింది. "రోజూ కడితే పాడైపోదేటి బాబూ? సుట్టాలొస్తే కడదామని దాసినాం. మా ఊళ్ళో అందరూ అంతే."

చిదంబరానికి నిమ్మగొంది గోడలు గుర్తొచ్చాయి. ఇంటింటా నాలుగేసి మేకులు, తాళ్ళు రాసుకుని నున్నగా మెరుస్తూ ఉండేవి. తూట్లు లెక్కపెట్టే సందట్లో వాటిని పట్టించుకోలేదు. ముందు సిగ్గేసింది. తర్వాత లెక్క తట్టి పట్టరాని సంతోషం వేసింది. నలభై తెరలతో రెండు ఊళ్ళూ గట్టెక్కుతాయి.

"స్వామీ, కొత్తవి నిమ్మగొందికే. ఇక్కడికి మేకులు చాలు."

స్వామి కళ్ళు తెరవకుండానే తన సంచీ అతని వైపు తోశారు. అందులో సుత్తి, మేకుల పొట్లం ఉన్నాయి.

సుత్తి చప్పుడికి ఇరుగుపొరుగు పోగయ్యారు. రెండో మేకుకే చిదంబరం వేలు చితక్కొట్టుకున్నాడు. ఆడవాళ్ళు నవ్వారు, అతనూ నవ్వాడు. నాలుగు మూలలూ కట్టేసరికి తెర మంచం చుట్టూ తెల్లగా దిగింది. కాసులమ్మ మాత్రం దానికేసి దిగులుగా చూసింది.

"మరి సుట్టాలొస్తే ఏటి సేసేది స్వామీ?"

స్వామి లేచి, ఆమె ఒళ్ళోని పిల్లని ఎత్తుకుని తెర లోపల పడుకోబెట్టారు.

"చుట్టం వచ్చేసింది కదమ్మా," అన్నారు.