మూడో పడుగు తాగిన గంజి

మా తాతకి తాత ఇంకా ఊయలలో ఉన్న రోజుల్లో, కొండకీ ఏటికీ మధ్య నేతగాళ్ళ ఊరొకటి ఉండేది. ఊరికి మూడు వీధులు. పై వీధి, నడి వీధి, కింద వీధి. ఇంటికొక మగ్గం. పిల్లలూ వినండి, పెద్దలూ వినండి. పిల్లలకి తెలియాలని చెప్తున్నాను. పెద్దలు మరిచిపోకూడదని చెప్తున్నాను.

ఆ ఊళ్ళో తవిటమ్మ అనే ముసలావిడ ఉండేది. ఆమెకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. ఈ పిల్లయినా దక్కాలని తల్లి ఆమెని పొరుగింటికి చేటెడు తవుడుకి అమ్మినట్టు చేసి, మళ్ళీ తెచ్చుకుంది. అందుకే తవిటమ్మ అని పేరు. "చేటెడు తవుడు మనిషి" అని ఊరు నవ్వేది. ఊరికంటే ముందు ఆమే నవ్వేది. మొగుడు పోయాడు, మగ్గం పోయింది, పిల్లలు లేరు. మిగిలింది ఒకటే పని. పడుగుకి గంజి కాయడం.

పడుగంటే మగ్గం మీద పొడుగునా సాగే నూలు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడుగునా చాపాలి. గంజి పట్టించాలి. కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. గంజి తాగని పడుగు నిలవదు, పోగు పోగూ తెగిపోతుంది. ఇది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు, మధ్యన పదిమంది ఉండాలి. ఎండ ముదరక ముందే ముగించాలి. గంజి పలచనైతే పోగు తెగుతుంది. చిక్కనైతే పోగుకి పోగు అంటుకుపోతుంది. తవిటమ్మ రెండు వేళ్ళ మధ్య రాసి చూసేది, పెదవికి తాకించి చూసేది, "పట్టండర్రా" అనేది. ఆమె పట్టమన్న గంజి ఎన్నడూ తప్పలేదు. మరి కూలి? కుండ అడుగున మిగిలిన గంజి. అదే ఆమె కూలి, అదే ఆమె కూడు.

ఆ కాలంలో ఊరికి నూలిచ్చేవాడు ఒక్కడే షావుకారు. నూలు అతనిది, గుడ్డ అతనిది. నేసే చేతులు మాత్రం వీళ్ళవి. అతను ఎవరినీ కలిపి పిలిచేవాడు కాదు. ఒక్కొక్కరినే పిలిచి, "నీ పక్కింటాడు ఇంతకంటే తక్కువకే నేస్తానన్నాడు" అనేవాడు. పక్కింటాడిని పిలిచి వీడి పేరు చెప్పేవాడు. పడుగు పట్టడానికి పదిమంది కలిసే మనుషులు అతని గుమ్మం ముందుకి మాత్రం ఒక్కొక్కరే పోయేవాళ్ళు. ఖర్మ అనుకునేవాళ్ళు. ఖర్మ కాదు, బుద్ధి తక్కువ!

ఒక ఏడు వానలు లేవు. సగం కూలికి నేస్తేనే నూలిస్తానన్నాడు షావుకారు. అప్పుడు సింగన్న అనే పెద్ద నేతగాడు మూడు వీధుల వాళ్ళనీ ఒక్కచోట కూర్చోబెట్టాడు.

"పడుగు పట్టడానికి కలుస్తాం గదా. గుడ్డ అమ్మడానికెందుకు కలవం?" అన్నాడు.

"నూలేదీ మావా?" అన్నారు కుర్రాళ్ళు.

"కొండ మీద పత్తుంది. మన ఆడోళ్ళకి రాట్నాలున్నాయి."

"తిండేదీ?"

"ఉన్న గింజలన్నీ ఒక్కచోట పోద్దాం. మనిషికి రోజుకో పిడికెడు నూకలు. పడుగుల గంజికి కావాల్సిన వాటా ముందే తీసి పక్కన పెడదాం. మూడు వీధులకి మూడు పడుగులు. ఆ గుడ్డలు బళ్ళ మీద ఏటవతల సంతకి తోలుకుపోదాం, అక్కడ ఈ షావుకారు మాట చెల్లదు. మూడు పడుగులూ గుడ్డయితే మనం బతికినట్టు. ఒక్కటి చెడినా మళ్ళీ ఆ గుమ్మం ముందుకే."

మూడు వీధులూ ఒప్పుకుని ఒక సంఘం కట్టాయి. పడుగుల వాటా నూకలు ఒక వెదురుబుట్టలో పోసి తవిటమ్మ చేతికిచ్చారు.

"ఇందులోది ఒక్క నూక కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు, తవిటమ్మప్పా" అన్నాడు సింగన్న.

"పోదు నాయినా" అంది తవిటమ్మ.

మొదటి పడుగు పై వీధిలో చాపారు. తవిటమ్మ గంజి కాచింది, వేళ్ళ మధ్య రాసి చూసింది, "పట్టండర్రా" అంది. ఎండ ముదరక ముందే పడుగు ఆరింది. ఒక్క పోగు తెగలేదు. ఊరు ఊరంతా పండగ మొహం పెట్టుకుంది.

ఆ మర్నాడు తవిటమ్మ బుట్ట జరిపింది. గోడవైపు ఎలకలు కొరికేసి ఉన్నాయి. అడుగంతా తవ్వుకుపోయాయి. ఉన్న నూకలు రెండో పడుగుకే చాలవు. మూడో పడుగుకి లేనే లేవు.

కంతలో పాత కోక చింపి కుక్కింది. చెబుదామని సింగన్న ఇంటికి బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్ళేసరికి లోపల నడి వీధి కుర్రాళ్ళ గొంతులు వినబడ్డాయి. "మావా, పిల్లలు ఏడుస్తన్నారు. ఇంకొక్క అడ్డొచ్చిందంటే మేం షావుకారు దగ్గరికి పోతాం. మమ్మల్ని తిట్టొద్దు" అంటున్నారు. తవిటమ్మ వెనక్కి తిరిగింది. ఆ రోజు తనకిచ్చిన పిడికెడు నూకలు బుట్టలో పోసింది.

రెండోసారి బయల్దేరింది. నూకలు పంచేచోట ఒక తల్లి మట్టిలో రాలిన నూకలు ఒక్కొక్కటే ఏరి బిడ్డ నోట్లో పెడుతోంది. ఇప్పుడు పడుగుకి నూకలు కావాలంటే ఎవరి పిడికిలి తగ్గిస్తారు? తవిటమ్మ వెనక్కి తిరిగింది. ఆ రోజు పిడికెడూ బుట్టలో పోసింది. ఆ తర్వాత రోజుదీ పోసింది.

రెండో పడుగు నడి వీధిలో చాపారు. తవిటమ్మ గంజి కాచింది, వేళ్ళ మధ్య రాసి చూసింది, పెదవికి తాకించింది. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే అది. అయితే ఆకలి మీదున్న కళ్ళకి పెదవికి తాకిందల్లా మింగినట్టే కనబడుతుంది. అప్పలనరసమ్మ అని కింద వీధి మనిషి, నోరున్న మనిషి, గట్టిగా అరిచింది.

"ఓలమ్మో, చూశారా! అందరం ఎండిపోయి చస్తంటే ముసల్ది పడుగు గంజి తాగతంది!"

"తాగలేదమ్మీ. కుదిరిందో లేదో చూస్తన్నాను."

"నోటితో చూస్తావేటి? కళ్ళు లేవేటి నీకు?"

అందరూ నవ్వారు. ఆకలితో ఉన్నవాళ్ళకి నవ్వు రాదనుకోకండి. పక్కవాణ్ణి చూసి నవ్వడానికి కడుపు నిండక్కర్లేదు.

ఆ సాయంత్రం సంఘం కూర్చుంది. తవిటమ్మ మూడోసారి చెబుదామని వచ్చి, జనం వెనక నిలబడింది. ఆమె వచ్చినట్టు ఎవరూ చూడలేదు.

"ఆమెని తీసేయండి" అంది అప్పలనరసమ్మ.

"తీసేస్తే గంజెవరు కాస్తారు? నువ్వా?" అన్నాడు సింగన్న. తీర్పు కూడా తనే చెప్పాడు. "ఎవరినీ ఏమీ అనొద్దు. గంజిలో వేపాకు నూరి కలపండి. పడుగుకి చేదు తెలీదు, మనిషికి తెలుస్తుంది."

ఆహా, ఎంత మంచి తీర్పు! ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. నూలుకి పురుగు కూడా పట్టదని మెచ్చుకున్నారు. కుండ అడుగు గంజే ఆమె కూడన్న సంగతి మూడు వీధుల్లో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఒక్కరికీ! ఇప్పటికీ ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది.

జనం వెనక నుంచి తవిటమ్మ అంతా వింది. ఇప్పుడు ఎలకలంటే ఎవరు నమ్ముతారు? ఎలక పేరు చెప్పి తనే తినేసిందంటారు. సంఘం ఆ రాత్రే విడిపోతుంది. తవిటమ్మ వెనక్కి తిరిగింది.

నూలు వడకడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ పిడికెడు నూకలు తెచ్చుకుంది, పిడికెడూ బుట్టలో పోసింది. మధ్యలో ఆకో అలమో నమిలింది, నీళ్ళు తాగింది. మూడో పడుగుకి వేపాకు తనే నూరింది.

కింద వీధిలో పడుగు చాపారు. తవిటమ్మ వేళ్ళ మధ్య గంజి రాసి చూసింది. ఈసారి పెదవికి తాకించలేదు. "పట్టండర్రా" అంది. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది. అప్పుడు పట్టారు. కుంచె ఆ కొస దాకా వెళ్ళేసరికి ఆమె గోడకి చేరబడి, కుండ అడుగు గీకి నోట్లో పెట్టుకుంది. గొంతు దిగలేదు.

"ఏటి తవిటమ్మప్పా, చేదా?" అంది అప్పలనరసమ్మ.

"చేదే అమ్మీ. పడుగు ఆరిందా?"

"ఆరింది."

"పోగు అంటుకుందా?"

"లేదు."

"తెగిందా?"

"ఒక్కటి కూడా తెగలేదు."

"అయితే సరే" అంది తవిటమ్మ. కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నారు. పడుగు చుట్టేశాక లేపడానికి వెళ్తే ఒళ్ళు చల్లగా ఉంది.

మనిషిని ఇంటికి మోసుకెళ్ళారు. పొయ్యిలో బూడిద గట్టిపడి ఉంది. వంట కుండ బోర్లించి ఉంది, దాని చుట్టూ సాలెగూడు. నూకలు పంచే ఆవిడ అంది, "రోజూ పట్టుకెళ్ళేది గదమ్మా, నా చేత్తోనే కొంగులో పోసేదాన్ని." సింగన్న బుట్ట జరిపి చూశాడు. ఖాళీ. బుట్ట గోడవైపు కంత, కంతలో కుక్కిన కోక గుడ్డ, గోడ వారన ఎండిపోయిన ఎలక పెంటికలు. ఆయన ఆ గుడ్డ లాగి చూశాడు.

"వాటా ఎలకలు తినేశాయి" అన్నాడు. "మరి మూడో పడుగు ఏం తాగింది?"

అందరికీ తెలిసిపోయింది. ఆమె తాగాల్సింది అది తాగింది.

అప్పలనరసమ్మ లేచి వీధిలోకి పోయింది. గోడ దగ్గర గంజి కుండ ఇంకా అలాగే ఉంది. దాని ముందు కూర్చుని అడుగున మిగిలిన వేపాకు గంజి గీకి గీకి తింది. వద్దని పట్టుకుంటే విదిలించుకుని తింది.

ఎండాకాలం. శవాన్ని రెండు రోజులు ఆపడం కుదరదు. అయినా ఆపారు. మగ్గం మీద మూడో పడుగు ఎక్కించి, మనిషి మారి మనిషి కూర్చుని నేశారు. ఆ పడుగు మీద నేసి కోసిన మొదటి గుడ్డ సంతకి పోలేదు. దాన్ని తవిటమ్మకి కప్పారు. ఆమె బతికున్నన్నాళ్ళూ ఒంటి మీద కొత్త గుడ్డ చూసినవాళ్ళు లేరు.

మిగతా గుడ్డలు ఏరు దాటాయి. బళ్ళు పత్తితో, గింజలతో తిరిగొచ్చాయి. షావుకారు మూడుసార్లు కబురు పెట్టాడు. ఒక్కొక్కరినీ విడివిడిగా రమ్మన్నాడు. మూడుసార్లూ ఊరంతా కలిసి వెళ్ళింది. నాలుగోసారి అతను కబురు పెట్టలేదు. సంఘం నిలిచింది. నిలిచిందని సంతోషించండి. ఎవరి కడుపు మీద నిలిచిందో కూడా తెలుసుకోండి.

కొన్నాళ్ళకి కొందరు తవిటమ్మ పేరున రాయి నిలబెట్టి పసుపు పూద్దామన్నారు. అప్పలనరసమ్మ అడ్డం నిలబడింది.

"దేవతని చేసి చేతులు దులుపుకుంటారేటి? దేవతకి ఆకలుండదు. ఈ మనిషికి ఉండేది. మనకి కనబడలేదు" అంది.

రాయి నిలబెట్టలేదు. దానికి బదులు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు.

ఈనాటికీ ఆ మూడు వీధుల్లో పడుగు చాపిన పూట, గంజి కాచిన మనిషిని వీధి మధ్యన పీట వేసి కూర్చోబెడతారు. గంజిలో వేపాకు కలపరు. మొదటి గిన్నె ఆ మనిషికే ఇస్తారు. సంఘం పెద్ద ఎదురుగా నిలబడి "తాగావా అమ్మా?" అని అడుగుతాడు. తాగానంటుంది. "తాగావా అమ్మా?" అని మళ్ళీ అడుగుతాడు. తాగానంటుంది. మూడోసారి అడిగినప్పుడు గిన్నె బోర్లించి చూపించాలి. ఎండ ముదిరిపోతున్నా సరే, పడుగు చెడిపోతుందన్నా సరే, అప్పటిదాకా ఎవరూ కుంచె ఎత్తరు.

తాగానన్నాక ఇన్నిసార్లు అడగడం దేనికని కొత్త కోడళ్ళు నవ్వుతారు.

"మేం ఒకప్పుడు ఒక్కసారి కూడా అడగలేదమ్మా" అంటారు ముసలాళ్ళు. అని, కుంచె అందుకుంటారు.