క్యాబేజీ ఆకు మీద పసుపు గుళికలు

వాగు ఒడ్డున తాబేలు నాంచారమ్మకీ కుందేలు గవరయ్యకీ ఉమ్మడిగా ఒక క్యాబేజీ మడి ఉంది. ఎడమపక్క వరుసలు ఆమెవి, కుడిపక్కవి అతనివి. కిందటేడు పంటంతా పురుగుల పాలై, ఎండాకాలమంతా ఇద్దరూ ఎండుగడ్డి నమిలి బతికారు. ఈసారీ గడ్డలు కట్టే వేళకి ఆకులు జల్లెడలైపోయాయి.

"అక్కా, కొంప మునిగింది! మళ్ళీ వచ్చాయి," అంటూ గవరయ్య గెంతుకుంటూ వచ్చాడు.

రోజూ పొద్దున్నే పురుగులు ఏరడం మొదలుపెట్టారు. ఏరినకొద్దీ పుట్టుకొస్తున్నాయి. ఏడో రోజు నాంచారమ్మ ఒక ఆకు తిరగేస్తే, బాగా బలిసిన పచ్చపురుగు దొరికింది. ఆమె కాలెత్తేసరికి అది మొరపెట్టుకుంది.

"తొక్కకు తల్లీ! నన్నొక్కదాన్ని చంపితే ఏం లాభం? వదిలేస్తానంటే మా జాతి మూలమే చూపిస్తాను."

"ఎక్కడుంది?"

"ఆ పక్క ఆకు అడుగున చూడండి."

అక్కడ కదలకుండా పడున్న ఒక పురుగును ఆనుకుని, పసుపు కలిపిన బియ్యపు గింజల్లాంటి చిన్న గుళికలు గుత్తిగా ఉన్నాయి.

"అవి మా గుడ్లు. మడంతా ఉన్నాయి. నలిపేయండి, మా పీడ విరగడవుతుంది."

గవరయ్య ఎగిరి గంతేశాడు. "చూశావా అక్కా, ప్రాణం మీదికొచ్చేసరికి నిజం ఎలా కక్కిందో!" అని తన వరుసల్లోకి పరుగెత్తాడు. మధ్యాహ్నానికల్లా ఒక్క గుత్తి మిగలకుండా నలిపేసి వచ్చాడు.

నాంచారమ్మ మాత్రం పురుగును చావకుండా కాలి కింద అదిమిపట్టి కూర్చుంది.

"ఇంకా ఆలోచనేంటక్కా?"

"నేను గుడ్లు పెట్టినదాన్ని తమ్ముడూ. ఇసకలో గొయ్యి తవ్వి పూడ్చి, నా అడుగుల జాడ కూడా చెరిపి వస్తాను. అటువైపు ఎవరైనా చూస్తేనే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఇదేమో అడక్కుండానే చూపించింది."

"పురుగుకి అంత మమకారం ఉంటుందా?"

"ఉందో లేదో చూద్దాం." ఆమె పురుగు వైపు తిరిగింది. "సరేనే, నలపను. నీవాళ్ళ గుడ్లే కదా, పిల్లలు బయటికొచ్చేదాకా పక్కనే ఉండి చూసుకో. ఆ ఆకు మీదే కూర్చోబెడతాను."

పురుగు మెలికలు తిరిగిపోయింది. "వద్దు! ఆ ఆకు మీద మాత్రం వద్దు! అవి బయటికొస్తే మమ్మల్ని బతకనివ్వవు..." అని అంటూనే నాలిక కరుచుకుంది.

నాంచారమ్మ ఉలిక్కిపడి కాలు సడలించింది. ఆ సందులో పురుగు జారిపడి గడ్డిలో మాయమైంది.

నాలుగు రోజులు ఆమెకి ముద్ద దిగలేదు. తన ఊహ తప్పైతే ఈ ఏడూ పస్తులే. గవరయ్య వచ్చినప్పుడల్లా, "నీ మొండితనం ఇద్దరినీ ముంచుతుంది," అని గొణిగేవాడు.

ఐదో రోజు గుళికలు విచ్చుకున్నాయి. చీమంత కందిరీగలు నల్లగా బయటికొచ్చి, ఆకుల మీద పిల్లపురుగుల్ని వెతికి వెతికి కుట్టి, వాటి ఒంట్లోనే గుడ్లు పెట్టసాగాయి. పక్షం తిరిగేసరికి ఆమె వైపు పురుగులన్నీ చచ్చుబడి, పక్కనే కొత్త పసుపు గుత్తులు మెరిశాయి. లేత ఆకులు చిల్లు లేకుండా విచ్చుకుంటుంటే నాంచారమ్మ ఎన్నాళ్ళకో గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

గవరయ్య వైపు ఈనెలే మిగిలాయి. అతను చెవులు వాల్చుకుని వచ్చాడు. "నా చేతులతో నేనే నలుపుకున్నానక్కా."

"గడ్డ లోపల మొగ్గ బతికే ఉందిరా. ఏడవకు, ఇదిగో పట్టు," అని ఆమె పసుపు గుత్తులున్న ఆకుల్ని తుంచి అతని వరుసల్లో పెట్టించింది.

అతని గడ్డలు ఆలస్యంగా, పిడికెడంతే వచ్చాయి. కానీ వచ్చాయి. ఇద్దరికీ ఎండాకాలం గడిచేంత తిండి చేరింది.

తప్పించుకున్న ఆ పచ్చపురుగు సీతాకోకచిలుకై ఒకనాడు తిరిగొచ్చింది. గుడ్లు పెడదామని మడి మీద చుట్టూ తిరిగింది. ఏ ఆకు చూసినా కందిరీగే. వాలడానికి ధైర్యం చాలక, వచ్చిన దారినే వాగు దాటి పోయింది.

శత్రువు తన నష్టాన్ని తానే కోరి చూపిస్తే, అందులో ఎవరి లాభం దాగుందో చూసుకున్నాకే చెయ్యి కదపాలి.