ముక్కెత్తు అద్దం

అనకాపల్లి దగ్గర మామిడివాక అనే ఊళ్ళో సన్యాసిరావు, కొండబాబు అని ఇద్దరు అన్నదమ్ములు. తమ ఇంట్లో ఉన్నంత తెలివి మండలం మొత్తమ్మీద లేదని వాళ్ళ గర్వం. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేసెయ్యడమే తెలివంటే, ఇంకేం కావాలి?

సన్యాసిరావుకి ముప్ఫై రెండేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. పేరు అచ్చిరాలేదేమో! పోయినసారి పెళ్ళిచూపులకి మోటారుసైకిల్ మీద వెళ్తే, హైవే గాలికి జుట్టంతా నిక్కబొడుచుకుంది. పిల్ల నాయనమ్మ గుమ్మంలోనే చూసి కెవ్వుమంది. అంతే, సంబంధం పోయింది. ఇప్పుడు తునిలో నూకరత్నం. ఆ పిల్ల ఫొటో చూసిన దగ్గర్నుంచి మనవాడికి అన్నం సహించడం లేదు. ఈసారి దువ్విన జుట్టు దువ్వినట్టే తుని చేరాలి.

గాలి ఆపడానికి బండికి ముందున్నది అరచేతంత అద్దం. మెకానిక్ జోగారావుని అడిగారు.

"దూరం ఎల్లాలంటే పెద్దది ఎయ్యాల. పై అంచు మీ ముక్కు ఎత్తుకి రావాల. రోడ్డుని అద్దంలోంచి సూడకూడదు, పైనుంచే సూడాల. కొత్తది కదా, దార్లో ఆగి బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో సూసుకోండి" అన్నాడు జోగారావు.

ఇంకేముంది! సన్యాసిరావు గోడకానుకుని నిటారుగా నిలబడ్డాడు. కొండబాబు నేల మీంచి అన్న ముక్కుదాకా దారం పెట్టి కొలిచాడు. ఐదడుగులు! ఆ పొడుగున దళసరి ప్లాస్టిక్ అద్దం కోయించి, తామే బిగించేశారు. బండి మీద వీధి తలుపు నిలబెట్టినట్టుంది.

"మరి పైనుంచి సూసేదెలాగరా?"

"నేనున్నాను కదన్నియ్యా!"

కొండబాబు వెనక సీటెక్కి, అన్న భుజాలు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడ్డాడు. సన్యాసిరావు కళ్ళు గట్టిగా మూసుకుని బండి తోలాడు. అద్దంలోంచి చూడకూడదన్నారు కదా!

"అన్నియ్యా, గేదె!"

"ఎవలి గేదెరా?"

"ఎవలిదో తెలీదు, ఓ కొమ్ము ఇరిగుంది!"

గేదే లేచి పక్కకి తప్పుకుంది. ఆ రోడ్డు మీద బుర్రున్నది దానికొక్కదానికే.

నక్కపల్లి దాటాక ఆగి బోల్టులు చూశారు. బిగుతుగా ఉన్నాయో లేదో తెలియాలంటే విప్పాలి కదా? విప్పారు. "బిగుతుగానే ఉండేయి!" అని మురిసిపోయి మళ్ళీ బిగించారు. మరి ఇప్పుడు బిగిశాయో లేదో? మళ్ళీ విప్పారు. అలా నాలుగుసార్లు. పదింటికి వెళ్ళాల్సిన వాళ్ళు పన్నెండింటికి చేరారు.

అయితేనేం, సన్యాసిరావు నెత్తిన ఒక్క వెంట్రుక కదల్లేదు. దర్జాగా లోపల అడుగుపెట్టాడు. పెడితే, పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది!

"ఓలమ్మో, ఇక్కడా గాలే!"

అంతే, పరుగున వెళ్ళి అద్దం విప్పుకొచ్చారు. కుర్చీలో పెళ్ళికొడుకు, వాడి ముందు అద్దం, దాన్ని పట్టుకుని తమ్ముడు. పెళ్ళికొడుకు కళ్ళు మూసేసుకున్నాడు.

"అమ్మాయి వచ్చింది, సూడండి బాబూ" అన్నాడు నూకరత్నం తండ్రి.

పైనుంచే కదా చూడాలి! సన్యాసిరావు కుర్చీ ఎక్కాడు. సరిగ్గా ఫ్యాను కింద. జుట్టు మొత్తం లేచి నిలబడింది. పాపం, ఈ సంబంధమూ పోయిందనుకున్నాడు. నూకరత్నం మాత్రం కాఫీ ఒలికిపోయేలా నవ్వింది.

"నాకు నచ్చేడు నాన్నా. ముందు ఆ అద్దం తీసీసి వచ్చి కూకోమను."

తీసెయ్యాలంటే ముందు అది బండికి ఉండాలి కదా! అన్నదమ్ములిద్దరూ సంబరంగా బయటికి పరిగెత్తి, అద్దాన్ని బండికి బిగించారు. బిగిసిందో లేదో అని విప్పారు. మళ్ళీ బిగించారు. లోపల కాఫీ రెండుసార్లు చల్లారిపోయింది. మూడోసారి నూకరత్నమే గ్లాసు పట్టుకుని వచ్చి, బండికి ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, ఇటు సూడండి!"

మనిషేమో అద్దానికి అవతల ఉంది. సన్యాసిరావు ఠక్కున కళ్ళు మూసుకున్నాడు.

"ఒరే, సీటెక్కి సూడరా, ఎవలో పిలుస్తన్నారు."

కొండబాబు ఎక్కి చూశాడు. "అమ్మాయి, అన్నియ్యా!"

"ఎవలమ్మాయిరా?"

"ఎవలో తెలీదు, సేతిలో కాఫీ ఉంది!"