ఈస్టరు జ్వరం

అన్యాయం జరిగింది రత్నమాణిక్యం టీచరుకి. ఎప్పుడంటే, ఈస్టరుకి ముందు శనివారం మధ్యాహ్నం. అయిదు నెలల పిల్లను చంకనేసుకుని, మర్నాటి పంచాయతీ ఎన్నికల డ్యూటీకి కొల్లేటి లంకకి బయల్దేరాల్సొచ్చింది. వెళ్లాల్సిన నిరీక్షణరావు మాస్టారు టైఫాయిడ్ అని చీటీ పెట్టేశాడు మరి.

ఆ టైఫాయిడ్ మనిషి నిక్షేపంగా చర్చికొచ్చాడు. మర్నాడు తెల్లవారుజాము ఆరాధనలో పాటలు నడిపేది అతనే. చిన్నప్పుడు అతనికి వాక్యం నేర్పిన ముసలి బైబిలమ్మ, సమాధానమ్మ గారు, గచ్చు తుడుస్తోంది.

"అమ్మగారూ, దేవుడు ముందా, సర్కారు ముందా? నేను తేల్చేశాను" అని చీటీ సంగతి గొప్పగా చెప్పాడు. "నా బదులు రత్నమాణిక్యం వెళ్తోందిలెండి."

ఆవిడ గుడ్డ పక్కన పెట్టి చాప పరిచింది.

"పడుకో."

పడుకున్నాడు. నుదుటి మీద తడిగుడ్డ వేసింది. మెడదాకా దుప్పటి కప్పింది. తలాపున బార్లీ నీళ్లు పెట్టింది.

పాటల బృందం సాధనకి వచ్చింది. అతను గొంతు కలపబోతే ఆవిడ వేలు చూపించింది.

"జ్వరం మనిషివి. నోర్మూసుకో."

ఆడపిల్లలు కిసుక్కున నవ్వి, 'సమాధి ఖాళీ, ప్రభువు లేచెను' అని పాటందుకున్నారు.

కిటికీ పక్క కాలవలోంచి వచ్చిన నీటి వెలుగు పైకప్పు మీద అలలు అలలుగా కదులుతోంది. పాట దూరమైపోయింది. చాప కింద నేల మెల్లగా ఊగింది. పడవలో ఉన్నాడతను. చుట్టూ తూటికాడలు, తెల్లకొంగలు. ఎదురుగా ఎవరో తల్లి, పిల్ల మొహానికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టుకుని. ఆమె ఇటు చూడ్డం లేదు. పిల్లే చూస్తోంది.

గభాల్న లేచి కూచున్నాడు. తడిగుడ్డ ఒళ్లో పడింది.

"నాకు జ్వరం లేదమ్మగారూ! దేవుడి కోసమే కదా అలా రాశాను!"

"దేవుడి కోసమైతే చీటీలో దేవుడి పేరే రాయకపోయావా? టైఫాయిడ్ పేరు రాశావేం?" అంది ఆవిడ, మళ్లీ గచ్చు తుడుస్తూ.

రేవులో పడవ ఇంకా కదల్లేదు. చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చినవాణ్ణి చూసి మండలాఫీసు గుమాస్తా నవ్వాడు.

"అప్పుడే తగ్గిందా మాస్టారూ?"

"అసలు రాలేదండీ. అబద్ధం రాశాను. నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి."

రత్నమాణిక్యం పిల్లను భుజానేసుకుని పడవ దిగింది. "సిగ్గుండాలి" అని మాత్రం అంది.

ఈస్టరు పొద్దున్నే, లంకలో బడి. ఓట్లు మొదలయ్యేముందు పెట్టె మూత తీసి ఏజెంట్లందరికీ లోపల చూపించాలి. తీశాడు. నీళ్ల మీంచి వచ్చిన తొలి ఎండ తిన్నగా పెట్టెలో పడింది. చూపించాల్సినవాడు తనే అందులోకి చూస్తూ నిలబడిపోయాడు.

"ఏంటి సార్, ఏముందందులో?" ఒక ఏజెంటు గదమాయించాడు.

"ఏమీ లేదండీ." పెట్టెను అందరివైపూ తిప్పాడు. "ఖాళీ."

ఎన్నికల డైరీలో రాశాడు: పెట్టె ఖాళీగా ఉన్నది. ఏప్రిల్ 4, ఆదివారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలు.